సర్వరు తాళం మన చేతిలో ఉండాలి

ప్రతి వార్షికోత్సవ సభలోనూ వేదిక మీది పెద్దలకు మనం ఒక వినతిపత్రం ఇస్తాం. మంచినీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్ల మరమ్మతు, దోమతెరలు, పోటీ పరీక్షల పుస్తకాలు అన్నీ అయ్యాక చివర 'మా హాస్టలుకు కంప్యూటర్లు ఇప్పించాలి' అని ఒక కోరిక ఉంటుంది. పెద్దలు తలూపుతారు. సభ చప్పట్లు కొడుతుంది. ఈ కోరిక తప్పని మేము అనడం లేదు. అయితే అది సగం కోరికే. మిగతా సగం కూడా అడగకపోతే, వచ్చిన కంప్యూటర్లు బట్ట కప్పుకొని మూలన కూర్చుంటాయి. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ మిగతా సగం పేరు సర్వరు సెట్టింగులు. కంప్యూటరు గదిని ఎవరు నడుపుతారు, దాని లెక్కలు ఎవరికి తెలుసు, దాని పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది అన్నదే మా ప్రశ్న.

మేము అంటే ఈ హాస్టల్లోనే ఉండి డిగ్రీ పూర్తిచేసి, ఇప్పుడు పి.జి. చదువుతున్న నలుగురం. నలుగురి ఇళ్ళలోనూ పట్టా చేతపట్టిన మొదటివాళ్ళం మేమే. రాస్తున్న చెయ్యి ఒకటే అయినా మాట మాత్రం అందరిదీ.

ఒక వంటశాల, ఎన్నో పళ్ళేలు

థిన్ క్లయింట్ అనే మాట విని తమ్ముళ్ళు బెదరనక్కరలేదు. మన మెస్సే దానికి మంచి ఉదాహరణ. ఇక్కడ నూటయాభై మందికి నూటయాభై పొయ్యిలు లేవు. వంటశాల ఒకటే. పళ్ళెం మాత్రం ఎవరిది వారిది. థిన్ క్లయింట్ గదిలో సర్వరు వంటశాల, మన ముందున్న యంత్రం పళ్ళెం. ప్రోగ్రాములన్నీ సర్వరులోనే నడుస్తాయి. మనం నొక్కిన మీట, కదిపిన మౌసు తీగ వెంట సర్వరుకు చేరతాయి. తెర మీద కనిపించాల్సిన బొమ్మ అదే తీగ వెంట తిరిగి వస్తుంది. ఆ యంత్రంలో హార్డ్ డిస్కు లేకపోయినా పని ఆగదు.

ఇందులోనే ఇంకో పద్ధతి ఉంది. సరుకు స్టోరు నుంచి ఇచ్చి, ఎవరి పొయ్యి మీద వారిని వండుకొమ్మన్నట్టు, ఆపరేటింగ్ సిస్టమ్ సర్వరు నుంచి వస్తుంది కానీ ప్రోగ్రాములు మాత్రం యంత్రం తన సొంత ప్రాసెసరుతో, తన మెమరీతో నడుపుకుంటుంది. దీన్ని డిస్కు లేని క్లయింటు అంటారు. యంత్రం మరీ ముసలిదైతే మొదటి పద్ధతి, కొంచెం ఓపిక ఉన్నదైతే రెండో పద్ధతి. ఈ రోజుల్లో బ్రౌజరే మెమరీని మింగేస్తుంది కాబట్టి, 4 జీబీ మెమరీ ఉన్న యంత్రానికి రెండోదే మేలని మా అనుభవం.

ఇదేమీ కొత్త వింత కాదు. 1980ల మధ్యలో మన రైల్వేలో కంప్యూటరు రిజర్వేషన్లు మొదలైనప్పుడు, కౌంటరులో గుమస్తా ముందు ఉన్నది తెర, మీటల పలకే. లెక్కంతా లోపల ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరు చేసేది. ఒకచోట నడిచే ప్రోగ్రామును ఇంకోచోటి తెర మీద చూపించే ఎక్స్ విండో పద్ధతిని అమెరికాలోని ఎం.ఐ.టి. లో 1984లో మొదలుపెట్టారు. 1999లో జిమ్ మెక్విలన్ అనే ఆయన లినక్సు టెర్మినల్ సర్వరు ప్రాజెక్టును ప్రారంభించారు. దాన్నే పొట్టిగా ఎల్‌టీఎస్‌పీ అంటారు. పైసా లైసెన్సు ఖర్చు లేకుండా పాత యంత్రాలతో ఒక గది నడపవచ్చని అది ప్రపంచానికి చూపించింది. 2001 నుంచి బ్రెజిల్ దేశంలోని సావో పౌలో నగరపాలక సంస్థ పేదల పేటల్లో టెలిసెంటర్లు తెరిచి ఇలాంటి యంత్రాలనే పెట్టింది. అదే 2001లో నార్వేలో స్కోలెలినక్సు అనే ప్రయత్నం మొదలైంది. మా బడి కంప్యూటర్లు మా భాషలో మాట్లాడాలి, సర్వరు అమరిక ముందే సిద్ధం చేసి బడికి ఇవ్వాలి అన్నది వారి ఆలోచన. ఎల్‌టీఎస్‌పీని 2019లో మళ్ళీ మొదటి నుంచి కొత్తగా రాశారు. ఆ పనికి ముందు నిలిచినవారు గ్రీసు దేశంలో బడుల కంప్యూటరు గదుల కోసం పనిచేసేవారే.

మీట నొక్కాక జరిగేది

డిస్కు లేని యంత్రం మీట నొక్కగానే అది ఎలా లేస్తుందో ప్రతి బోర్డరుకూ తెలియాలని మేము అంటాం. ఎందుకంటే గది ఎప్పుడు ఆగిపోయినా ఈ వరుసలో ఎక్కడో ఒకచోటే ఆగుతుంది.

హాస్టల్లో కొత్తగా చేరడానికి వచ్చిన పిల్లవాణ్ణి ఊహించుకోండి. గేటు దగ్గర నిలబడి 'ఇక్కడ వార్డెను ఎవరండీ?' అని గట్టిగా అడుగుతాడు. వార్డెను గారు 'నేనున్నాను, ఇరవయ్యో నంబరు మంచం ఖాళీగా ఉంది' అంటారు. 'అయితే అదే ఇప్పించండి సార్' అంటాడు పిల్లవాడు. 'రాసుకున్నాను, వెళ్ళు' అంటారు ఆయన. సరిగ్గా ఈ నాలుగు మాటలే డీహెచ్‌సీపీ అనే పద్ధతి. యంత్రంలోని నెట్‌వర్కు కార్డు ముందు అందరికీ వినబడేలా కేకేస్తుంది, సర్వరు ఒక చిరునామా ఇస్తానంటుంది, యంత్రం అదే కావాలంటుంది, సర్వరు ఖాయం చేస్తుంది.

చిరునామాతోపాటు సర్వరు ఇంకో రెండు సంగతులు చెప్పాలి. నీకు కావలసిన ఫైలు ఏ సర్వరులో ఉంది, దాని పేరేమిటి. మంచం నంబరుతోపాటు మెస్సు ఎటువైపో, గంట ఎప్పుడు కొడతారో చెప్పినట్టు. ఆ ఫైలును టీఎఫ్‌టీపీ అనే తేలికపాటి పద్ధతిలో యంత్రం తెచ్చుకుంటుంది. ఆ చిన్న ఫైలు లినక్సు కెర్నెల్‌ను తెస్తుంది. కెర్నెల్ సర్వరులోని పెద్ద ఇమేజిని తీగ మీదుగా తన డిస్కు అన్నట్టే వాడుకుంటుంది. అప్పుడు తెర మీద పేరు, పాస్‌వర్డు అడిగే పెట్టె వస్తుంది. ఏ యంత్రం ముందు కూర్చున్నా మన ఫైళ్ళు మన ముందుకు వస్తాయి, ఎందుకంటే అవి ఉన్నది సర్వరులో. ట్రంకు పెట్టె ఒకచోటే ఉంటుంది, తాళం చెవి మన జేబులో ఉంటుంది.

మా గది అమరిక ఇది. సర్వరులో రెండు నెట్‌వర్కు కార్డులున్నాయి. ఒకటి ఇంటర్నెట్ రూటరు వైపు, రెండోది మన గదిలోని స్విచ్ వైపు. గది వైపు కార్డుకు 192.168.67.1 అనే స్థిరమైన చిరునామా ఇచ్చాం. యంత్రాలకు 192.168.67.20 నుంచి 192.168.67.60 వరకు పంచమన్నాం. 20కి కింద ఉన్నవి ప్రింటరు వంటివాటికి వదిలేశాం. ప్రతి నెట్‌వర్కు కార్డుకూ అడ్మిషన్ నంబరు లాంటి పన్నెండు అంకెల, అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని రాసిపెట్టుకుంటే మూడో బల్ల మీది యంత్రానికి ఎప్పుడూ ఒకే చిరునామా వచ్చేలా చేయవచ్చు. అప్పుడు చెడిపోయింది ఏదో వెతుక్కోనక్కరలేదు.

స్విచ్ దగ్గర పొదుపు పనికిరాదు. సెకనుకు 100 మెగాబిట్ల స్విచ్ అంటే సెకనుకు దాదాపు 12 మెగాబైట్లు. పద్నాలుగు యంత్రాలు ఒకేసారి లేస్తే ఒక్కోదానికి ఒక మెగాబైటు కూడా దక్కదు. గిగాబిట్ స్విచ్ దానికి పదింతలు. పిల్లలు 'కంప్యూటర్లు నిదానం' అని తిట్టుకునేది చాలాసార్లు కంప్యూటరును కాదు, స్విచ్‌ను.

మన గది ఎందుకు మూతపడింది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ గది పదకొండు నెలలు మూతపడి ఉన్నదని ఇప్పుడున్న బోర్డర్లలో పెద్దవారికి తెలుసు. ఎందుకు మూతపడిందో కొద్దిమందికే తెలుసు.

పద్నాలుగు యంత్రాలనూ సర్వరునూ ఒక సంస్థవారు అమర్చి వెళ్ళారు. పనిచేసినన్నాళ్ళు బాగానే పనిచేసింది. సర్వరు పాస్‌వర్డు వారి దగ్గరే ఉండిపోయింది. అమరిక గూర్చి ఒక్క కాగితం కూడా హాస్టల్లో లేదు. నిర్వహణ గడువు తీరిపోయింది, ఫోను చేస్తే ఎత్తేవారు లేరు. ఇంతలో ఇంటర్నెట్ ఇచ్చేవారు వచ్చి పాత రూటరు తీసి కొత్తది పెట్టారు. మర్నాటి నుంచి ఒక్క యంత్రమూ లేవలేదు.

తెర మీద మాత్రం ఒక వరుస రోజూ కనిపించేది. పీఎక్స్‌ఈ ఈ-53 అనే సంఖ్య, పక్కన బూట్ ఫైలు పేరు అందలేదనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు. జబ్బేమిటో ఆ వరుసలోనే రాసి ఉంది. చదివి అర్థం చెప్పేవారు లేక పదకొండు నెలలు అందరమూ దాన్ని 'కంప్యూటర్లు ఖరాబైనయ్' అని చదువుకున్నాం.

నిజానికి ఏ యంత్రమూ చెడిపోలేదు. కొత్త రూటరు తనంతట తానే చిరునామాలు పంచడం మొదలుపెట్టింది. అంటే గేటు దగ్గర ఇద్దరు వార్డెన్లు తయారయ్యారు. పిల్లవాడు కేకేయగానే రెండో ఆయన ముందుగా పలికి మంచం నంబరు ఇచ్చేస్తున్నాడు. మెస్సు ఎక్కడో మాత్రం ఆయనకు తెలియదు. యంత్రానికి చిరునామా దొరుకుతుంది, ఫైలు పేరు దొరకదు. అక్కడే ఆగిపోతుంది. దీనికి మూడు దారులున్నాయి. రూటరులో చిరునామాలు పంచడం ఆపేయవచ్చు. లేదా చిరునామా రూటరే ఇచ్చుకోనిచ్చి, ఫైలు సంగతి మాత్రం మన సర్వరు చెప్పేలా డీఎన్ఎస్-మాస్క్ అనే ప్రోగ్రామును ప్రాక్సీగా పెట్టవచ్చు. లేదా సర్వరులో రెండో కార్డు పెట్టి గదిని రూటరు నుంచి విడదీయవచ్చు. రూటరు పాస్‌వర్డు కూడా మన దగ్గర లేదు కాబట్టి మేము మూడో దారి పట్టాం. వార్డెను గారి లిఖితపూర్వక అనుమతితో సర్వరును మొదటి నుంచి మళ్ళీ వేశాం. కార్డు ఖర్చు వెయ్యి రూపాయల లోపే. రెండు ఆదివారాలు పట్టింది.

వెయ్యి రూపాయలు, రెండు ఆదివారాలు. దీని కోసం పదకొండు నెలలు! ఆ పదకొండు నెలల్లో స్కాలర్‌షిప్ రెన్యువల్ వచ్చింది, పరీక్ష ఫీజులు వచ్చాయి, కౌన్సెలింగ్ ఆప్షన్లు వచ్చాయి. ఒక్కో ఫారానికి నెట్ సెంటరులో యాభై రూపాయలు ఇచ్చుకుంటూ, వరుసలో నిలబడి, ఆధారు నంబరూ బ్యాంకు వివరాలూ పరాయి మనిషికి చదివి వినిపించాం. ఇంటి నుంచి వచ్చే డబ్బు ఎంతో మనకు తెలుసు. ఆ యాభై రూపాయలు అమ్మ కూలి డబ్బుల్లోవి.

2008 నేర్పిన పాఠం

ఇది మన ఒక్క హాస్టలు కథ అయితే ఇంత రాయనక్కరలేదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు విద్య ప్రారంభించింది. ఒక కంప్యూటరును పలువురు పంచుకునే ఎన్‌కంప్యూటింగ్ పరికరాలను అందులో పెద్ద ఎత్తున వాడారు. థిన్ క్లయింటుకు దగ్గరి చుట్టమే అది. ఆలోచన మంచిదే, తక్కువ ఖర్చుతో ఎక్కువమంది పిల్లలు తెర ముందు కూర్చున్నారు. అయితే నిర్వహణ అంతా అయిదేళ్ళ కాంట్రాక్టు మీద ప్రయివేటు సంస్థలకు అప్పగించారు. 2013లో గడువు తీరినప్పుడు కంప్యూటరు టీచర్ల కొలువులు కూడా పోయాయి. తమను కొనసాగించాలని వారు రోడ్డెక్కి ఆందోళనలు చేయడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మాలో కొందరం ఆరో తరగతిలో చేరేనాటికి మా బడుల్లో కంప్యూటరు గది అంటే తాళం వేసిన గది అనే అర్థం. కిటికీ సందులోంచి తెరలను చూసేవాళ్ళం.

పరికరాలు బడికి మిగిలాయి. వాటిని నడిపే తెలివి మాత్రం కాంట్రాక్టుతోపాటు వెళ్ళిపోయింది. ఆ బళ్ళలో తొమ్మిదో తరగతి పిల్లలకు, ఒక లెక్కల సారుకు ఆ అమరిక నేర్పి ఉంటే ఎన్ని గదులు తెరిచి ఉండేవో! మేము చెప్పదలచుకున్నదంతా ఇదే. ఇచ్చేవాడు యంత్రాన్ని ఇచ్చి సెట్టింగులు దాచుకుంటే, అతడు మనకు ఇచ్చింది అరువే కానీ దానం కాదు. సెట్టింగులు మన భాషలో, మన చేతిరాతలో, మన బీరువాలో ఉన్నప్పుడే ఆ గది మనది.

కొందరి ఆక్షేపణలు

ఈ మాట అన్నప్పుడల్లా నాలుగు ఆక్షేపణలు ఎదురవుతున్నాయి. వాటికి జవాబు చెప్పడం మా బాధ్యత.

మొదటిది, 'అందరి చేతిలో ఫోను ఉండగా గది దేనికి?' అని. ఫోనులో చూడవచ్చు, రాయడం కష్టం. ప్రాజెక్టు రిపోర్టు, ప్రోగ్రాము, లెక్కల పట్టిక బొటనవేలితో చేసేవి కావు. పైగా పరీక్ష హాల్లో ఫోను ఇవ్వరు. నాటి ఎంసెట్, నేటి ఈఏపీసెట్ తెలంగాణలో 2018 నుంచి కంప్యూటరు మీదే జరుగుతోంది. జేఈఈ మెయిన్ 2019 నుంచి అంతే. బ్యాంకు పరీక్షలూ, రైల్వే పరీక్షలూ అంతే. మౌసు పట్టడం అలవాటు లేని చెయ్యి అక్కడ మొదటి పది నిమిషాలు వణుకుతుంది. ఆ పది నిమిషాల్లో పోయే మార్కులు చదవక పోయినవి కావు.

రెండోది, 'పాత యంత్రాలు మనకెందుకు, దళితుల పిల్లలకు, పేదల పిల్లలకు ఎప్పుడూ మిగిలినవేనా?' అని. ఈ ప్రశ్న వేసినవారి బాధ మాకు అర్థమవుతుంది, ఎందుకంటే అది మా బాధ కూడా. కొత్తవి అడగడం మన హక్కు, అడుగుదాం. అయితే యంత్రం పాతదైతే అవమానం అని మేము అనుకోవడం లేదు. బ్యాంకుల్లో, ఆసుపత్రి కౌంటర్లలో కూడా థిన్ క్లయింట్లు వాడుతున్నారు. అవమానం ఎక్కడుందంటే, కొత్త యంత్రమే అయినా అది ఆగినప్పుడు 'ఎవరో వస్తారు' అని ఎదురుచూడటంలో ఉంది. పాతదాన్ని మన చేత్తో లేపి నిలబెట్టడంలో లేదు.

మూడోది, 'పిల్లల చేతికి సర్వరు ఇస్తే చెడగొడతారు' అని. చెడగొట్టవచ్చు. అందుకే ముందు పాడైపోయినా ఫరవాలేని పాత యంత్రం మీద నేర్పాలి. మెస్సు కమిటీకి వేల రూపాయల కూరగాయల లెక్క అప్పగిస్తున్నాం కదా! అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు? తెలిసినవారు చెడగొట్టడం వల్ల మన గది మూతపడలేదు. తెలిసినవారు లేకపోవడం వల్ల మూతపడింది.

నాలుగోది బరువైనది. 'సర్వరు ఒక్కటి ఆగితే పద్నాలుగూ ఆగుతాయి కదా' అని. నిజమే. వంటశాలలో గ్యాసు అయిపోతే అందరూ పస్తే. దీన్ని దాచి మేము గొప్పలు చెప్పం. సర్వరుకు తప్పనిసరిగా యూపీఎస్ ఉండాలి. డిస్కులు రెండు పెట్టి, రాసిందల్లా రెండింటిలో పడేలా చేయాలి. బోర్డర్ల ఫైళ్ళు వారానికోసారి ఇంకో డిస్కులోకి తీసి బీరువాలో పెట్టాలి. వీడియో ఎడిటింగ్ వంటి బరువు పనులకు ఈ గది పనికిరాదని కూడా ముందే ఒప్పుకుందాం. అయితే పద్నాలుగు వేర్వేరు కంప్యూటర్లకు వైరస్ పడితే పద్నాలుగు చోట్ల తుడవాలి. ఇక్కడ ఒకచోట సరిచేస్తే అన్నిచోట్లా సరి. తెలుగు ఫాంట్లు, తెలుగు కీబోర్డు ఒక్కసారి సర్వరులో వేశాం. మర్నాడు అన్ని తెరల మీదా తెలుగు వచ్చింది.

ఇంకో అవకాశం కూడా ఇప్పుడు తలుపు తట్టింది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతు ఆపేసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసరు కావాలి. అవి లేక ఎన్నో ఆఫీసుల్లో, కాలేజీల్లో మంచి యంత్రాలు పాత సామాను కింద పక్కకు పోతున్నాయి. వారికి పనికిరానివి మన సర్వరుకు చక్కని క్లయింట్లు.

మనం చేయవలసినవి

ఒకటి, సెట్టింగుల పుస్తకం. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. సర్వరు చిరునామా, పంచే చిరునామాల వరుస, ఏ తీగ స్విచ్‌లో ఏ రంధ్రానికి, ఏ బల్లకు ఏ గుర్తు సంఖ్య, ఏ రోజు ఏం మార్చాం, ఎవరు మార్చారు అన్నీ తెలుగులో రాయాలి. చిన్న సంగతులే ఎక్కువ ఏడిపిస్తాయి కాబట్టి అవీ రాయాలి. సర్వరులో కొత్త ప్రోగ్రాము వేసినంత మాత్రాన క్లయింట్లలో కనిపించదు, ఇమేజిని మళ్ళీ తయారుచేయాలి. కొత్త బోర్డరు పేరు చేర్చినా, ఎల్‌టీఎస్‌పీ సెట్టింగుల ఫైలు మార్చినా ఇనిట్-ఆర్‌డీ ఆదేశం మళ్ళీ ఇవ్వాలి. ఈమధ్య వచ్చిన యంత్రాలు నెట్‌వర్కు నుంచి లేవనంటే, ముందు సెక్యూర్ బూట్ ఆపి చూడాలి. మేము ఈ మూడూ మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో రాశాం.

రెండు, పాస్‌వర్డు. ఒక కవరులో పెట్టి సీలు వేసి వార్డెను గారి బీరువాలో ఉంచాలి. ఇద్దరు బోర్డర్లకు తెలిసి ఉండాలి. ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరూ రేపటి కాంట్రాక్టరే.

మూడు, సర్వరు కమిటీ. మెస్సు కమిటీ లాగానే ఏటా ఎన్నుకోవాలి. అందులో మొదటి సంవత్సరం విద్యార్థి ఒకరైనా ఉండాలి. చివరి సంవత్సరం వారు హాల్ టికెట్ తీసుకునేలోగా ఆ చిన్నవాడి చేత ఒక యంత్రాన్ని మొదటి నుంచి లేపించి చూపించాలి.

నాలుగు, ఒకరి తెరలోకి ఒకరు చూడరాదు. సర్వరు నడిపేవారికి అందరి ఫైళ్ళూ అందుబాటులో ఉంటాయి. ఎపోప్టెస్ వంటి ఉపకరణంతో అన్ని తెరలూ ఒకేచోట కూర్చుని చూడవచ్చు. తరగతి చెప్పేటప్పుడు అది పాఠానికి సాయం. రాత్రిపూట ఒక తమ్ముడు స్నేహితుడికి ఉత్తరం రాసుకుంటుంటే అది దొంగచూపు. ఈ నియమం గోడ మీద రాసి ఉండాలి. తాళం మన చేతికి వచ్చాక మనమే కొత్త పెత్తందార్లం కారాదు.

అయిదు, వినతిపత్రంలో రాయవలసిన వాక్యం. 'కంప్యూటర్లు ఇప్పించాలి' అన్నదాని పక్కన 'సర్వరు పాస్‌వర్డు, అమరిక వివరాలు అమర్చిన రోజే హాస్టలుకు లిఖితపూర్వకంగా అప్పగించాలి, ఇద్దరు విద్యార్థులకు నేర్పించాలి, అది పూర్తయ్యాకే బిల్లు చెల్లించాలి' అని చేర్చాలి. ఇందుకు ప్రభుత్వానికి అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.

పూర్వ విద్యార్థి అన్నలకు ఒక మనవి. మీలో చాలామంది మంచి ఉద్యోగాల్లో ఉన్నారు, ప్రతి ఏటా చందా పంపుతున్నారు, సంతోషం. ఈ ఏడు మీ ఆఫీసులో పక్కన పెడుతున్న యంత్రాల గూర్చి మీ పైవారిని ఒక మాట అడగండి. ఒక గిగాబిట్ స్విచ్, ఒక యూపీఎస్ బ్యాటరీ ఇప్పించండి. అన్నిటికంటే ముఖ్యంగా ఒక ఆదివారం మీరే రండి. నెట్‌వర్కు పని చేసే అన్న ఒకరు రెండు గంటలు కూర్చుని చెబితే, పాతిక మంది తమ్ముళ్ళు అది జీవితాంతం మరువరు. మా ఇళ్ళలో ఇంతకుముందు ఎవరూ ఈ పని చేయలేదు కాబట్టి, మాకు తెలిసిన నెట్‌వర్కు ఇంజనీరు అన్నలు మీరే.

తమ్ముళ్ళూ, మేము వచ్చే మే నెలతో ఈ హాస్టలు వదిలి వెళ్ళిపోతాం. సెట్టింగుల పుస్తకంలో నలభై మూడు పేజీలు నిండాయి, మిగతావి మీవి. ఈ ఆదివారం ఉదయం టిఫిన్ అయ్యాక కంప్యూటరు గదిలో మొదటి తరగతి పెడుతున్నాం. ఇంటర్ వాళ్ళు కూడా రావచ్చు, ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. ఒక పెన్ను తెచ్చుకోండి.